మంచు సముద్రాల ఓడ మనకెందుకు?

ప్రశ్న: 1996లో శంకుస్థాపన జరిగిన వెలిగొండ సాగునీటి ప్రాజెక్టు ఇంకా పూర్తి కాలేదు. ధ్రువాల్లో మంచు చీల్చే ఓడకు వెయ్యి కోట్లు అవసరమా?
– ఒక రైతు, దొనకొండ

జవాబు: అవసరమేనండీ. మీకు వాన మోసుకొచ్చే నైరుతి గాలులు బయల్దేరేది దక్షిణ హిందూ మహాసముద్రం మీది నుంచే. దానికీ దిగువన అంటార్కిటికాలో మనకు మైత్రి, భారతి కేంద్రాలున్నాయి. 1981 నుంచి మనవాళ్లు వెళ్తున్నా, మంచులో నడిచే సొంత ఓడ లేక విదేశీ ఓడలను అద్దెకు తెచ్చుకుంటున్నాం. అద్దె ఓడ ప్రధానంగా సరుకు, మనుషుల రవాణాకే సరిపోతుంది. వాన అంచనాకు పనికొచ్చేలా ఆ సముద్రాన్ని కొలుస్తూ వారాల తరబడి ఆగాలంటే సొంతదే కావాలి. అందుకోసం 2014లో కేంద్రం సుమారు 1,051 కోట్లు మంజూరు చేసినా ఆ ఓడ తయారుకాలేదు. వెలిగొండ ఆలస్యానికి ఈ ఓడ కారణం కాదు. అయితే, ఆ సముద్రపు కొలతలు మీ మండలానికి వాన కబురుగా చేరాలని గట్టిగా అడగండి.