గిరిజన విద్యార్థులూ – సైన్సు, ఇంజనీరింగు చదువులూ

“వాళ్లకేం, సీట్లున్నాయి, స్కాలర్‌షిప్పులున్నాయి. చదువుకోవాలే గాని!” ఈ మాట మన కాలేజీలో అననివాళ్లు తక్కువ. అనేవాళ్లందరికీ దురుద్దేశం ఉందని నేననను. సీట్లున్న మాట నిజం. స్కాలర్‌షిప్పులున్న మాటా నిజమే. అయితే ఆ సీటు దాకా వచ్చే దారి ఎట్లా ఉంటుందో తెలిసినవాళ్లు కొద్దిమందే. మాది గోదావరి ఏజెన్సీలో వరీ, జీడిమామిడీ పండించుకునే కోయ కుటుంబం. నేను ఆ దారినే వచ్చాను గనుక ఈ సంగతి కొంచెం వివరంగా రాయాలనిపించింది.

ముందుగా ఉన్నవి ఏమిటో చూద్దాం. కేంద్ర విద్యాసంస్థలలో షెడ్యూల్డు తెగలకు 7.5 శాతం సీట్లున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 6 శాతం. తెలంగాణలో 2022లో 10 శాతానికి పెంచారు. ఐ.ఐ.టి.లలో రిజర్వేషన్ 1973లో మొదలైంది. అక్కడ సీటు వచ్చిన గిరిజన విద్యార్థికి ట్యూషన్ ఫీజు పూర్తిగా మాఫీ. జె.ఇ.ఇ. అడ్వాన్స్‌డ్ రాయడానికి వయసులో ఐదేళ్ల సడలింపు కూడా ఉంది. విదేశాలలో పై చదువులకు కేంద్ర ప్రభుత్వం ఏటా దేశం మొత్తంమీద 20 మంది గిరిజన విద్యార్థులకు ఉపకారవేతనం ఇస్తుంది.

మా ఊళ్లలో చాలామందికి తెలియని ఏర్పాటు మరొకటి ఉంది. ఐ.ఐ.టి.లలో గిరిజనులకు కేటాయించిన సీట్లు మిగిలిపోతే, కొంత తక్కువ మార్కులు వచ్చినవారిని తీసుకొని ఒక సంవత్సరం పాటు లెక్కలు, ఫిజిక్సు, కెమిస్ట్రీ చెబుతారు. అందులో గట్టెక్కితే మరుసటి ఏడు మళ్లీ ప్రవేశ పరీక్ష లేకుండానే ఇంజనీరింగులో చేరవచ్చు. దీన్ని ప్రిపరేటరీ కోర్సు అంటారు. మంచి ఏర్పాటే. కాని ఇటువంటి కోర్సు అవసరమైందంటే అర్థమేమిటి? సీటు ఖాళీగా ఉంది, కూర్చునేవాడు అక్కడిదాకా రాలేదనే గదా!

ఎందుకు రాలేదు? 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో అక్షరాస్యత 73 శాతం అయితే గిరిజనులలో 59 శాతం. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గిరిజన అక్షరాస్యత సుమారు 49 శాతమే. అంటే నా తరం బడిలో చేరే నాటికి ఇంట్లో పుస్తకం చదివి చెప్పగలిగే పెద్దవాళ్లు లేని ఇళ్లే ఎక్కువ.

దానికి తోడు భాష. ఇంట్లో కోయ మాట్లాడే పిల్లవాడికి బడిలో తెలుగు రెండో భాష. ‘కిరణజన్య సంయోగక్రియ’ అనే మాట తెలుగువారి పిల్లలకే ఒక పట్టాన కొరుకుడు పడదు. వీడు కష్టపడి దాన్ని బట్టీపట్టి పదో తరగతి దాటాక, ఇంటర్మీడియట్‌లో అదే పాఠం ఇంగ్లీషులో ఎదురవుతుంది. అది మూడో భాష. బుర్ర తక్కువై కాదు, ప్రతి మెట్టు దగ్గరా భాష మారిపోయి వెనకబడతాడు.

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతేమీ కాదు. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉండగా సవరల భాష నేర్చుకొని, వాళ్ల పిల్లల కోసం సవరలో వాచకాలు రాశారు. ఆగస్టు 29న ఆయన పుట్టినరోజును తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకొంటాం, ఉపన్యాసాలిస్తాం. సవర బడుల ముచ్చట మాత్రం ఎవరూ ఎత్తరు. నిజాం రాజ్యంలో 1940లో కుమ్రం భీము జోడేఘాట్‌లో బలైన తరువాత, గోండుల స్థితిగతులు పరిశీలించడానికి వెళ్లిన మానవశాస్త్రజ్ఞుడు హైమన్‌డార్ఫ్, 1943లో మార్లవాయి గ్రామంలో గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ ఇప్పించాడు. 2004లో మన ప్రభుత్వం 8 గిరిజన భాషలలో ప్రాథమిక పాఠాలు మొదలుపెట్టింది. ఇవన్నీ చిన్న తరగతుల దగ్గరే ఆగిపోయాయి. సైన్సు పాఠం దాకా రానేలేదు.

ఇక లెక్కల సంగతి. నేను చదివిన ఆశ్రమ పాఠశాలలో రెండేళ్లపాటు లెక్కల మాస్టారు లేరు. ప్రయోగశాల అంటే తాళం వేసిన ఒక బీరువా. లెక్కలు రాకపోతే ఇంటర్‌లో ఎం.పి.సి. తీసుకోవడానికి గుండె చాలదు. ధైర్యమున్నవాడు బై.పి.సి.లో చేరతాడు, తక్కినవాళ్లు సి.ఇ.సి.కి పోతారు. సి.ఇ.సి.లో చేరిన రోజుతో ఇంజనీరింగు సీటూ, ఆ 7.5 శాతమూ, ఫీజు మాఫీ అన్నీ వాడికి లేనట్టే. పదహారేళ్ల వయసులో, ఒక మాస్టారు లేని కారణంగా, దారి మూసుకుపోతుంది. నన్నడిగితే అసలు రోగం ఇక్కడే ఉంది. పైన ఎన్ని సీట్లు పెంచినా ఇది నయం కాదు.

ఉపాధ్యాయుల విషయంలో ఒక చరిత్ర ఉంది. 2000 సంవత్సరం జనవరిలో వచ్చిన 3వ నంబరు జీవో ప్రకారం షెడ్యూల్డు ప్రాంతాలలో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు నూటికి నూరు శాతం చెల్లదని దాన్ని కొట్టివేసింది. కోర్టు తర్కం కోర్టుది. మా వైపు నుంచి చూస్తే, బి.యస్సీ. బి.ఇడి. చదివిన కోయ పిల్లకు ఊరి దగ్గర దొరికే మొదటి ఉద్యోగం అదే. పిల్లల భాష తెలిసిన సైన్సు టీచరు దొరికే దారీ అదే. ఇటు ఏకలవ్య పాఠశాలలకు 2023లో దేశమంతటికీ ఒకే పరీక్ష పెట్టి టీచర్లను తీసుకున్నారు. అందులో హిందీ పరిజ్ఞానం తప్పనిసరి! తెలుగు రాని మాస్టారూ, తెలుగు అంతంతమాత్రంగా వచ్చిన పిల్లలూ కలిసి బీజగణితం ఎట్లా చేస్తారో ఆలోచించండి.

సైన్సు మావాళ్లకు పరాయిది అనుకునేవాళ్లకు ఒక సంగతి చెప్పాలి. మా అడవిలో తపసి చెట్టు ఉంది. దాని బంకను గిరిజన సహకార సంస్థ కొంటుంది. ఆ సంస్థ 1956లో విశాఖపట్నంలో ఏర్పడింది. తపసి బంక నీళ్లలో కరగదు, ఉబ్బుతుంది. అందుకే విరేచనాల మందులలో, కట్టుడు పళ్లు అతికించే పొడులలో వాడతారు. రంగును బట్టి, బెరడు ముక్కలు ఎన్ని కలిశాయన్న దాన్ని బట్టి గ్రేడు కడతారు. మా తాత వాసన చూసి ఏ బంక పాతదో చెప్పేస్తాడు. నిలవ ఉన్న బంక నుంచి వచ్చేది అసిటిక్ ఆమ్లమనీ, దానితోపాటు చిక్కదనం కూడా తగ్గుతుందనీ నాకు బి.యస్సీ. కెమిస్ట్రీలో తెలిసింది. తాతకు తెలిసినదానికీ నేను చదివినదానికీ మధ్య దూరం ఎంతో లేదు. కాని ఆ బంకను ప్రయోగశాలలో పరీక్షించే ఉద్యోగంలో మావాళ్లు ఎందరుండాలి, ఎందరున్నారు? గొడ్డలితో లోతుగా నరికితే చెట్టు చచ్చిపోతుంది. గాటు ఎంత లోతు, ఎంత వెడల్పు ఉండాలన్నది వృక్షశాస్త్రం ప్రశ్నే. చింతపల్లిలో వ్యవసాయ పరిశోధనా స్థానం ఉంది. విజయనగరంలో 2019 నుంచి కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం ఉంది. ములుగులో మరొకటి 2023 చట్టంతో వచ్చింది. ఇటువంటి ప్రశ్నలు అక్కడ మావాళ్లే పట్టుకోవాలని నా కోరిక.

అమెరికాలోని ఆదివాసులదీ ఇటువంటి ఇబ్బందే. అక్కడ 1977లో ఆదివాసీ శాస్త్రజ్ఞులు, ఇంజనీర్లు కలిసి ఒక సంఘం పెట్టుకొన్నారు. ముందు వెళ్లినవాడు వెనక వచ్చేవాడికి దారి చూపడం దాని పని. చెరొకీ జాతికి చెందిన మేరీ గోల్డా రాస్ అనే మహిళ అప్పటికే లాక్‌హీడ్ విమాన కంపెనీలో ఇంజనీరుగా పనిచేసి రిటైరయింది. అటువంటి అక్కయ్య ఒకరున్నారని తెలిస్తేనే చిన్నపిల్లలకు సగం భయం పోతుంది.

మన యూనియన్ కూడా ఒక పని చేయవచ్చు. వేసవి సెలవుల్లో ఇద్దరిద్దరు చొప్పున ఏజెన్సీ ఊళ్లకు వెళ్లి, పదో తరగతి రాసిన పిల్లలకు నెలరోజులు లెక్కలు చెప్పవచ్చు. ఇంటర్ గ్రూపు ఎంచుకునేది ఆ నెలలోనే. పగలు జీడిపిక్కల పని ఉంటుంది గనుక పిల్లలు సాయంత్రం ఆరు దాటాకే దొరుకుతారు. భోజనానికి ఇబ్బంది ఉండదు, మా అమ్మతో ముందే చెప్పి ఉంచాను. వచ్చేవాళ్లు సుద్దముక్కలు మాత్రం తెచ్చుకోండి.