తండ్రికీ వేవిళ్ళా?

భార్య గర్భవతిగా ఉన్నప్పుడు కొందరు భర్తలకూ వికారం, నడుంనొప్పి వస్తాయి, బరువూ పెరుగుతారు. దీనిని కూవాడ్ సిండ్రోమ్ అంటారు. ఇది జబ్బు కాదు. కాన్పు తర్వాత సాధారణంగా తగ్గిపోతుంది.

మా ఓ.పి.కి ఒక జంట వచ్చారు. మూడో నెల భార్యకు, వాంతులు భర్తకు! "సిస్టరమ్మా, ముందు ఈయనకు చీటీ రాయండి. మా అమ్మ నాకు పంపిన మామిడికాయలన్నీ ఈయనే తినేశారు" అన్నదామె. లైనులోని గర్భిణులందరూ ఒకటే నవ్వు. అయినా అతను ప్రతి చెకప్‌కూ వచ్చి, మేము చెప్పినవి శ్రద్ధగా విన్నాడు. ఎనిమిదో నెలలో ఆమె "ఉత్త తలనొప్పే, పడుకుంటే తగ్గుతుంది" అన్నా వినక, ముఖం వాపు చూసి రాత్రికి రాత్రే తీసుకొచ్చాడు. బి.పి. 160/110 ఉంది. వెంటనే చికిత్స అందింది. దేవుని కృపవలన తల్లీబిడ్డా క్షేమం.

తండ్రులు చేయవలసినవి:

1. కనీసం 4 చెకప్‌లకు భార్యతో రావాలి.

2. నాలుగో నెల నుండి రోజుకొక ఐరన్ మాత్ర, 180 రోజులు తప్పకుండా వేయించాలి.

3. తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, ముఖం వాపు, రక్తస్రావం, ఫిట్స్, బిడ్డ కదలిక తగ్గడం – వీటిలో ఏది కనిపించినా తెల్లవారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయాలి.

భారం పంచుకోవడం గురించి గలతీ 6:2లో చదువుకుంటాము. అది మన ఇంట్లోనే మొదలు కావాలి.