వేడి మీదే నాడి చూడాలి

ప్రశ్న: మా నాన్నగారి అంబాసిడర్ మార్క్ 4, పెట్రోలు బండి. పొద్దున్నే సెల్ఫ్ ముట్టుకుంటే చాలు, అందుకుంటుంది. రాజమండ్రి వెళ్తూ ఆత్రేయపురంలో పూతరేకుల కోసం పావుగంట ఆగితే మాత్రం మళ్లీ స్టార్టవదు. సెల్ఫ్ బాగానే తిరుగుతుంది. అరగంట చల్లారితే ఏమీ ఎరగనట్టు కదులుతుంది. కాయిల్, ప్లగ్గులు మార్పించాం. ఇప్పుడు కార్బొరేటర్ మార్చాలంటున్నారు. మార్చమంటారా?
- ఒక పాఠకుడు, పాలకొల్లు

జవాబు: వద్దు. రోహిణి కార్తె వచ్చిందంటే నాకు ఇవే ఉత్తరాలు. అన్నిట్లోనూ మార్చిన సామాన్ల చిట్టా ఉంటుంది. బండి మొరాయించినప్పుడు బానెట్ ఎత్తి ఏం చూశారన్నది ఒక్కదాంట్లోనూ ఉండదు. జ్వరం తగ్గాక డాక్టరు దగ్గరికి వెళ్లినట్టు, చల్లారిన బండిని షెడ్డుకు తోలుకెళ్లి జబ్బు చెప్పమంటే మేస్త్రి మాత్రం ఏం చేస్తాడండీ? తోచిన సామాను మారుస్తాడు.

మీ 1489 సీసీ ఇంజనులో పెట్రోలు లోపలికి వెళ్లే దారీ, పొగ బయటికొచ్చే దారీ ఒకే పక్కన ఉంటాయి. కార్బొరేటర్ కూర్చున్నది నిప్పుల కుంపటి పక్కనే. బండి నడుస్తున్నంతసేపూ ఫ్యాను గాలి, పారే పెట్రోలు ఆ వేడిని లాగేస్తాయి. తాళం తిప్పగానే ఫ్యానూ ఆగుతుంది, నీళ్లూ ఆగుతాయి. ఇంజను వేడంతా పైకి ఎక్కుతుంది. ఆ పావుగంటలోనే జరగాల్సిందంతా జరుగుతుంది.

ఈసారి ఆగిపోతే ముందు వాసన చూడండి. పెట్రోలు గుప్పుమంటే, కార్బొరేటర్ గిన్నెలో మరిగిన పెట్రోలు పొంగి ఇంజనులోకి దిగిందన్నమాట. చోక్ జోలికి వెళ్లొద్దు. యాక్సిలరేటర్ మాటిమాటికీ తొక్కకుండా, ఒక్కసారి నేల దాకా నొక్కిపట్టి సెల్ఫ్ కొట్టండి. అందుకుంటే జబ్బు దొరికింది: గిన్నెలో ఫ్లోట్ మట్టం సరిచేయించండి, కార్బొరేటర్ కింద వేడిని ఆపే దిమ్మ ఉందో లేదో చూడండి. విప్పినవాళ్లు తిరిగి వేయడం మరిచిపోయే సామాను అదే. చోక్ తీగ పూర్తిగా వెనక్కి వెళ్తోందా అన్నదీ చూడండి.

వాసన లేదా? ఇంజనుకు బిగించిన పెట్రోలు పంపు మీద తడిగుడ్డ వేసి రెండు మూడు నిమిషాలు ఆగండి. పాత ట్యాక్సీ డ్రైవర్లకు ఇది చికిత్స. నాకు పరీక్ష కూడా. దానికి స్టార్టయితే పంపులోనో గొట్టంలోనో పెట్రోలు ఆవిరైపోయి దారి మూసేసింది. ఆ గొట్టం సైలెన్సర్ మొదలుకు ఆనుకుని పోతుంటే పక్కకు జరిపించండి.

దానికీ లొంగకపోతే కరెంటు చూడండి. పెట్రోలు తడి ఎక్కడా లేదని తేల్చుకుని, ప్లగ్గు తీగకు వేరే ప్లగ్గు తగిలించి, దాని లోహం ఇంజనుకు ఆనించి, చేత్తో పట్టుకోకుండా, సెల్ఫ్ కొట్టించండి. టపటపమని నీలిరంగు నిప్పు రావాలి. ఎర్రగా, నీరసంగా వస్తే అనుమానం కాయిల్ మీద, అంతకన్నా డిస్ట్రిబ్యూటర్ లోని కండెన్సర్ మీద. బొటనవేలంత ఉండే ఈ కండెన్సర్ చల్లగా ఉన్నప్పుడు బుద్ధిగా పనిచేసి, వేడెక్కాక చేతులెత్తేస్తుంది. మీరు కాయిల్ మార్చారు గానీ దీని ఊసెత్తలేదు. ఒకటి కొని డ్యాష్‌బోర్డులో పడేసుకోండి.

వాసన, తడిగుడ్డ, నిప్పు. ఈ మూడూ రోడ్డు పక్కన, వేడి మీద చూసి కాగితం మీద రాసుకుని షెడ్డుకు వెళ్లండి. 2014లో ఉత్తరపారా ఫ్యాక్టరీలో అంబాసిడర్ల తయారీ ఆగిపోయింది కాబట్టి, బాగున్న పాత కార్బొరేటర్ పారేసి, పేరూ ఊరూ లేని కొత్తది కొనడం నష్టజాతకం.

ప్రశ్న: నా పద్మినీ కారు వేడెక్కాక సెల్ఫ్ కొడితే టక్కుమని ఊరుకుంటుంది. కొత్త బ్యాటరీ వేసినా అంతే.
- ఒక పాఠకురాలు, నరసాపురం

జవాబు: మీది వేరే జబ్బమ్మా. మీ సముద్రపు గాలికి బ్యాటరీ కొసల మీద, ఇంజను నుంచి బాడీకి వెళ్లే ఎర్త్ పట్టీ మీద పచ్చటి చిలుం పడుతుంది. వేడికి రాగితీగలో కరెంటు నడక మందగిస్తుంది.  హెడ్‌లైట్లు వేసి సెల్ఫ్ కొట్టించండి. లైట్లు తగ్గకుండా టక్కుమంటే, కరెంటు స్టార్టర్ దాకా చేరడం లేదు. లైట్లు మసకబారి ఇంజను కదలకపోతే, బ్యాటరీ కొసలు శుభ్రం చేశాక కూడా అంతే అయితే, స్టార్టర్ మోటారు విప్పించాలి. సెల్ఫ్ వదిలిన వెంటనే కేబుల్ అతుకులు ఒక్కొక్కటీ ముట్టుకోండి. ఏది చురుక్కుమంటే అదే దొంగ. గీకి శుభ్రం చేసి బిగించాక, అప్పుడు మాట్లాడుకుందాం.

ప్రశ్న: ఇంజను కాగిపోయినప్పుడు రేడియేటర్ మూత తీసి చన్నీళ్లు పోయవచ్చా?
- రావులపాలెం

జవాబు: మొహం మీద మమకారం ఉంటే చల్లారేదాకా మూత ముట్టుకోకండి.

ప్రశ్న: ఇథనాల్ కలిపిన పెట్రోలు వల్లే పాతకార్లు ఆగిపోతున్నాయంటున్నారు. నిజమేనా?
- భీమవరం

జవాబు: కొంత నిజం, మిగతాది సాకు. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు 2023లో బంకుల్లోకి వచ్చింది. పాత రబ్బరు పైపులు, పంపులోని డయాఫ్రమ్ దానికి ఉబ్బి పగులుతాయి. ఇథనాల్‌ను తట్టుకునే రకం వేయించండి. గాలీ పెట్రోలూ కలిసే మిశ్రమం కూడా పల్చబడుతుంది, కార్బొరేటర్ జెట్లతో కాస్త చిక్కగా సర్దించండి. నెలల తరబడి ట్యాంకులో నిల్వ ఉంచొద్దు. ఇవేమీ చేయకుండా పెట్రోలును తిట్టి లాభం లేదు.

ప్రశ్న: ఈ గొడవంతా ఎందుకు, డీజిల్ ఇంజను వేయించెయ్యమంటున్నారు మా బావగారు.
- అమలాపురం

జవాబు: ముందు ఆయన బండికి వేయించుకోమనండి.