ఎన్ని క్యాంపస్‌లున్నా లాగిన్ ఒక్కటే

ప్రశ్న: మా సంస్థకు కరీంనగర్, ఆదిలాబాద్‌లలో కాలేజీలున్నాయి. ఒకచోట మూడుల్, ఇంకోచోట గూగుల్ క్లాస్‌రూమ్, మిగతాదంతా వాట్సాప్. వీటన్నింటినీ ఒక దారికి తేవడం ఎలా?
– ఒక అధ్యాపకురాలు, కరీంనగర్

జవాబు: ముందు విద్యార్థుల జాబితా సంగతి చూడండి మేడమ్, సాఫ్ట్‌వేర్ తర్వాత. హాల్‌టికెట్ నంబరే అన్నిచోట్లా యూజర్‌నేమ్ కావాలి. ఒకే అబ్బాయి ఒకచోట ‘సాయి కుమార్’, మరోచోట ‘కె.సాయికుమార్’ అయితే, మార్కులు కలపడానికి సెమిస్టర్ చివర మీకు నిద్ర ఉండదు.

బహుళ క్యాంపస్‌లు మనకు కొత్త కాదు. 2008లో అప్పటి ఆదిలాబాద్ జిల్లా బాసరతో పాటు నూజివీడు, ఇడుపులపాయల్లో ఆర్జీయూకేటీ (రాజీవ్ గాంధీ యూనివర్సిటీ ఆఫ్ నాలెడ్జ్ టెక్నాలజీస్) ఒకే విశ్వవిద్యాలయంగా మొదలైంది. విద్యార్థికో ల్యాప్‌టాప్ ఇచ్చి డిజిటల్ పాఠాలు నడిపింది.

మీకు ఒక్క మూడుల్ సర్వర్ చాలు. 2002లో వచ్చిన ఈ ఆన్‌లైన్ బోధన సాఫ్ట్‌వేర్‌కు లైసెన్సు ఖర్చు లేదు, కానీ సర్వర్‌నూ బ్యాకప్‌నూ చూసుకునే మనిషి ఉండాలి. ఒక్కో సబ్జెక్టుకు ఒకే అసలు కోర్సు తయారుచేసి, క్యాంపస్‌లకు దాని నకళ్లు ఇవ్వండి. దిద్దుబాట్లు అసలులోనే చేయాలి. ఎవరికి వారు మార్చుకుంటే మళ్లీ మొదటికే వస్తారు.

ఉట్నూరు, నార్నూరు వైపు పిల్లలకు ఇంటి దగ్గర సిగ్నల్ దొరకదనుకోండి. కాలేజీ వైఫైలో మూడుల్ యాప్‌లోకి పాఠం దించుకుంటే, ఇంట్లో నెట్ లేకుండానే చదువుకోవచ్చు. గంట వీడియో పెట్టకండి. పది నిమిషాల ముక్కలు చేయండి. వాట్సాప్‌ను కబుర్లకే వదిలేయండి, అసైన్‌మెంట్లు అందులో తీసుకోవద్దు.

అన్నీ ఒకేసారి మార్చకండి. ఈ సెమిస్టర్‌కు రెండుచోట్లా ఉన్న ఒక్క సబ్జెక్టుతో మొదలుపెట్టండి.