చేపలకు కొత్త నీళ్లు పడాలంటే

పిల్లలూ, బదిలీ మీద కొత్త ఊరు చేరగానే ఇంట్లో ఎవరో ఒకరికి జలుబో, కడుపునొప్పో రావడం మనకు మామూలే. "కొత్త నీళ్లు పడలేదు" అంటారు పెద్దవాళ్లు. చేపల విషయంలో ఈ మాట అక్షరాలా నిజం. మనం నీళ్లు తాగుతామంతే. చేప ఆ నీళ్లలోనే ఊపిరి తీసుకుంటుంది, తింటుంది, విసర్జిస్తుంది. పొద్దున గాజు తొట్టి కొని, సాయంత్రానికల్లా అందులో చేపలు వేసేస్తే రెండు మూడు వారాల్లో అవి ఒక్కొక్కటిగా తేలిపోతాయి. దుకాణదారు జబ్బు చేపలు అంటగట్టాడని అనుకుంటాం. చాలాసార్లు కారణం మన తొందరే.

లోపల జరిగేది ఇదీ. చేపల విసర్జకాల నుంచి, తినకుండా మిగిలిన మేత నుంచి అమ్మోనియా పుడుతుంది. అది మొప్పలను దెబ్బతీస్తుంది. ఒక రకం బాక్టీరియా ఈ అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది. అదీ విషమే, చేప రక్తం ఆక్సిజన్‌ను మోయలేకుండా చేస్తుంది. ఇంకో రకం బాక్టీరియా నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్ కొద్దిగా ఉంటే ఫరవాలేదు, మొక్కలు దాన్ని ఎరువుగా వాడుకుంటాయి. సైన్సు పుస్తకంలో బాణం గుర్తులతో గీసుకునే నత్రజని వలయంలో ఒక ముక్క మీ ఇంటి తొట్టిలో నడుస్తుందన్నమాట. కొత్త తొట్టిలో ఈ బాక్టీరియా దాదాపు ఉండదు. అది తగినంత పెరగడానికి సాధారణంగా 4 నుంచి 6 వారాలు పడుతుంది.

కాబట్టి మొదటి నెల చేపలు లేని తొట్టినే పోషించాలి. రోజూ చిటికెడు చేపల మేత వేయండి. అది కుళ్లి అమ్మోనియా ఇస్తుంది, బాక్టీరియాకు అదే తిండి. చుక్కల మందుతో నీటిని పరీక్షించే పెట్టెలు అక్వేరియం దుకాణాల్లో దొరుకుతాయి. అమ్మోనియా, నైట్రైట్ మొదట పెరిగి, తర్వాత రెండూ సున్నాకు దిగి, నైట్రేట్ కనిపించినప్పుడు తొట్టి సిద్ధమైనట్టు. ఖాళీ తొట్టికి మేత వేస్తుంటే తమ్ముళ్లూ చెల్లెళ్లూ నవ్వుతారు, నవ్వనివ్వండి. ఆ అంకెలను తేదీలతో నోటుపుస్తకంలో రాసుకుంటే మంచి సైన్సు ప్రాజెక్టు కూడా అవుతుంది.

తొట్టి మరీ చిన్నది వద్దు. గుండ్రటి గాజు గిన్నె అసలే వద్దు. నీళ్లు తక్కువైతే విషం త్వరగా చిక్కబడుతుంది. 2 అడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న తొట్టిలో సుమారు 56 లీటర్లు పడతాయి. నీళ్ల బరువే 56 కిలోలు. గులకరాళ్లు, గాజు కలిపితే 70 దాటుతుంది. క్వార్టర్స్‌లో ఇచ్చే బల్ల మీద పెట్టే ముందు నాన్నగారినో అమ్మనో అడగండి. ఎండ నేరుగా పడే కిటికీ పక్కన పెడితే నాచు పట్టేస్తుంది. గాలి పంపు, దానికి తగిలించే స్పాంజి ఫిల్టరు మొదటిసారికి చాలు. పంపును నీటిమట్టం కన్నా పైన ఉంచండి. లేకపోతే కరెంటు పోయినప్పుడు నీళ్లు గొట్టంలోంచి వెనక్కి వచ్చేస్తాయి. తొట్టిలో చెయ్యి పెట్టే ముందు ప్లగ్గులన్నీ తీయించడం మరవకండి.

ఇక నీళ్లు. మున్సిపాలిటీ నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. చేపలనూ బాక్టీరియానూ కూడా చంపుతుంది. బకెట్లో పట్టి ఒక రోజంతా మూత లేకుండా ఉంచితే చాలావరకు పోతుంది. క్లోరిన్ విరుగుడు చుక్కలు వాడితే ఇంకా నమ్మకం. ఆర్‌ఓ నీళ్లు శుభ్రమైనవని అవే నింపేవాళ్లున్నారు. ఖనిజాలన్నీ పోయిన ఆ నీళ్లు ఒక్కటే పోస్తే చేపలకు మంచిది కాదు.

మన లాంటివాళ్లకు అసలు సంగతి ఇక్కడుంది. ప్రతి ఊరి నీరూ వేరు. రాజస్థాన్‌లో చాలాచోట్ల బోరు నీళ్లకు సబ్బు నురగ రాదు, కెటిల్ అడుగున తెల్లటి పొర కడుతుంది. అది కఠిన జలం. గప్పీ, మోలీ చేపలు అందులో హాయిగా ఉంటాయి. అమెజాన్ ప్రాంతపు నియాన్ టెట్రాకు మెత్తటి నీళ్లు కావాలి. ఉష్ణమండల చేపలకు 24 నుంచి 28 డిగ్రీల వేడి ఉండాలి. విశాఖలోనో చెన్నైలోనో హీటరు లేకుండా గడిచిపోతుంది. అదే డెహ్రాడూన్ చలికాలంలో లీటరుకు ఒక వాట్ చొప్పున హీటరు పెట్టాల్సిందే.

ఏ చేపతో మొదలుపెట్టాలి అని అడిగితే నా ఓటు జీబ్రా డానియోకే. ఇది గంగా, బ్రహ్మపుత్ర పరీవాహక ప్రాంతాల చేప, అంటే మన దేశపుదే. ఆ పేరు కూడా వరిపొలానికి సంబంధించిన బెంగాలీ మాట నుంచి వచ్చింది. రకరకాల నీళ్లకు తట్టుకుంటుంది, కొంత చలిని కూడా ఓర్చుకుంటుంది. గుంపులో ఉండే చేప కాబట్టి ఆరు కొనండి. మొదట మూడు, రెండు వారాల తర్వాత ఇంకో మూడు. సంచిని పావుగంట తొట్టి నీళ్లపై తేలనిచ్చి, తొట్టి నీళ్లు కొంచెం కొంచెంగా సంచిలో పోసి, అప్పుడు చేపలను వలతో వదలాలి. రెండు నిమిషాల్లో తినేంత మేతే వేయండి. వారానికోసారి పావువంతు నీళ్లు మార్చండి. స్పాంజిని కుళాయి కింద కాకుండా తీసిన పాత నీళ్లలోనే పిండండి. బాక్టీరియా కాపురం ఉండేది అందులోనే!

అద్దానికి కరుచుకునే సక్కర్ చేపను "తొట్టి శుభ్రం చేస్తుంది" అని అమ్ముతారు, తీసుకోకండి. అడుగుకు పైగా పెరుగుతుంది. పెంచలేనివాళ్లు వదిలేయగా, చెరువుల నుంచి తప్పించుకోగా అది మన నదుల్లో, కాలువల్లో చేరింది. ఆంధ్రాలో జాలర్లు దాన్ని దెయ్యం చేప అంటారు. దాని గట్టి ముళ్లకు వలలు చిరుగుతాయి.

కాబట్టి బదిలీ ఆర్డరు వచ్చిన రోజున చేపలను దగ్గర్లోని చెరువులో వదలడం దారి కాదు. మీ ప్రయాణం ఒక రోజులోపు అయితే, ముందురోజు మేత ఆపి, మూడోవంతు నీళ్లు, మిగతాది గాలి ఉన్న సంచుల్లో తీసుకెళ్లవచ్చు. స్పాంజిని తడిగానే ఉంచాలి. అక్కడ కొత్త నీళ్లకు మెల్లగా అలవాటు చేయాలి. రెండు రాత్రుల రైలు ప్రయాణమైతే మాత్రం తొట్టిని ఉన్నదున్నట్టుగా పక్క క్వార్టర్ స్నేహితుడికి ఇచ్చేయండి. ఇచ్చేటప్పుడు ఆ నోటుపుస్తకం కూడా ఇవ్వండి. చివరిసారి నీళ్లు ఎప్పుడు మార్చారో, రోజుకెంత మేత వేస్తారో అతనికి అందులోనే దొరుకుతుంది.