పాత పుస్తకంతోనే పోటీ

చిరంజీవి శ్రావణికి,

"2014 డంజన్స్ అండ్ డ్రాగన్స్ ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ కొన్నాను, దాని అట్ట కూడా నలగలేదు, అప్పుడే 2024ది వచ్చేసింది. ఇది దోపిడీ కాదా పెదనాన్నా?" అని అడిగావు. సగం అవును. మిగతా సగం తెలిస్తే, నువ్వు రాద్దామనుకుంటున్న ఆటకు పనికొస్తుంది. అందుకే ఇంత పొడుగు ఉత్తరం.

ముందు డబ్బు సంగతి. సబ్బు అరిగిపోతుంది, మళ్లీ కొంటాం. రూల్‌బుక్ ఇత్తడి బిందె లాంటిది, తల్లి వాడాక కూతురికొస్తుంది. 1978లో వచ్చిన హ్యాండ్‌బుక్‌తో ఇవాళ ఆడుకున్నా వద్దనేవాళ్లు లేరు. పైగా మీ హాస్టల్లో ఐదుగురు ఆడితే కథ నడిపే డీఎంవి నువ్వొక్కదానివే. రాక్షసుల పుస్తకమూ సాహసాల పుస్తకమూ నీ డబ్బుతోనే వస్తాయి. మిగతావాళ్లు హ్యాండ్‌బుక్ కొంటే అదే పదివేలు. అంటే అందరికీ అమ్మగలిగేది ఆ మూల పుస్తకమొక్కటే. అది అందరి చేతుల్లో పడ్డాక కంపెనీ అనుబంధాలు వేస్తుంది. మొదటిది బాగానే పోతుంది, పదోది పిచ్చి ముదిరినవాళ్లే కొంటారు. ఈలోగా అల్మారా నిండిపోయి, కొత్తగా వచ్చినవాడికి ఎక్కడ మొదలుపెట్టాలో తెలీదు. డంజన్స్ అండ్ డ్రాగన్స్‌ను పుట్టించిన టీఎస్ఆర్ 1990ల్లో ఫర్‌గాటెన్ రెల్మ్స్‌కు తోడు రావెన్‌లాఫ్ట్, డార్క్ సన్, ప్లేన్‌స్కేప్ అంటూ లోకం మీద లోకం వదిలింది. ఉన్న పాఠకులే ముక్కలుగా చీలిపోయారు. అప్పుల్లో మునిగిన ఆ కంపెనీని 1997లో విజర్డ్స్ ఆఫ్ ద కోస్ట్ కొనేసింది. మునగడానికున్న కారణాల్లో పాఠకులిలా చీలిపోవడమొకటి. అదే మూల పుస్తకాన్ని కొత్త ఎడిషన్‌గా వేస్తే మళ్లీ అందరికీ అమ్మొచ్చు.

కోర్టు గొడవల్లోంచి పుట్టిన ఎడిషన్లూ ఉన్నాయి. 1974లో తొలి ఆటను గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ ఇద్దరి పేర్లతో వేశారు. 1977 నుంచి అడ్వాన్స్‌డ్ పేరుతో పుస్తకాలు మొదలయ్యాయి. అది వేరే ఆట, ఆర్నెసన్‌కు రాయల్టీ ఇవ్వక్కర్లేదు అన్నది కంపెనీ వాదన. ఆయన 1979లో కోర్టుకెక్కాడు, 1981లో రాజీ పడ్డారు. ముఖపత్రం మీద మాట మారిందంటే రూల్స్ కోసమే అనుకోకు తల్లీ.

ఇక టేబుల్ దగ్గర జరిగేది. నాకు అసలు ఇష్టమైన భాగం ఇదే. రెండో ఎడిషన్‌లో కత్తి తగిలిందో లేదో తేల్చడానికి థాకో అనే అంకె ఉండేది. కవచం గట్టిపడేకొద్దీ దాని అంకె తగ్గేది, సున్నా దాటి మైనస్‌లోకీ పోయేది. నీ థాకో 15, ఎదుటివాడి కవచం మైనస్ 3 అనుకో. 15లోంచి మైనస్ 3 తీసేయాలి, అంటే మూడు కలపాలి, పాచిక మీద 18 పడాలి. అర్ధరాత్రి రెండింటికి నిద్రకళ్లతో ఇది చేసి చూడు! 2000లో వచ్చిన మూడో ఎడిషన్ దీన్ని తిరగేసింది. నీ బలం ప్లస్ 5, వాడి కవచం 23, పాచిక మీద పడింది కలుపుకో, 23 వస్తే తగిలినట్టు. ఇక్కడా పడాల్సింది 18యే. లెక్కలో వీసమెత్తు తేడా లేదు, తీసివేత పోయి కూడిక వచ్చిందంతే. ఎడిషన్ అనిపించుకోవాలంటే ఇలా ఉండాలి అంటాను నేను.

నువ్వడిగిన ఆ రెండు పుస్తకాలనే చూడు. 2014లో మందు సీసా తాగితే ఆ వంతు యాక్షన్ అయిపోయేది. గాయపడ్డవాడు మందు తాగి ఊరుకోవాలా అని చాలా టేబుళ్లు దాన్ని అసలు యాక్షన్‌కు అదనంగా చేసే బోనస్ యాక్షన్‌గా మార్చుకుని ఆడాయి. 2024 పుస్తకం ఆ ఇంటి రూల్‌నే అచ్చేసింది. దీనికి ఆరో ఎడిషన్ అని పేరు పెట్టకపోవడమూ గమనించు. పాత సాహసాలు ఇందులోనూ నడుస్తాయని చెప్పుకున్నారు, ఎందుకంటే 2008 దెబ్బ ఇంకా గుర్తుంది.

2008 అంటే నాలుగో ఎడిషన్. యుద్ధం రూల్స్ వరకు ముచ్చటగా అల్లిన పుస్తకం, దాన్ని తిట్టేవాళ్లతో నేను ఏకీభవించను. కానీ పాతవాళ్లు చాలామంది ఇది మా ఆట కాదన్నారు. విజర్డ్స్ 2000లోనే మూడో ఎడిషన్ రూల్స్‌ను ఎవరైనా వాడుకోవచ్చని ఓపెన్ గేమ్ లైసెన్స్ ఇచ్చేసింది. ఆ మూడో ఎడిషన్‌కు సవరణగా వచ్చిన మూడున్నర (3.5) రూల్స్‌నే సానబట్టి పైజో అనే కంపెనీ 2009లో పాత్‌ఫైండర్ వేసింది. సొంత పాత పుస్తకమే పరాయి దుకాణంలో కూర్చుని పోటీకి దిగింది! అందుకే ఐదో ఎడిషన్‌కు ముందు, 2012 నుంచి ముసాయిదా రూల్స్ జనం చేతికిచ్చి ఆడించి చూశారు.

2023 జనవరిలో ఆ లైసెన్స్‌ను బిగించబోతున్నారన్న ముసాయిదా బయటికి పొక్కింది, పెద్ద గగ్గోలే లేచింది. నెల తిరక్కముందే విజర్డ్స్ వెనక్కి తగ్గి మూల నియమాలను క్రియేటివ్ కామన్స్ కింద వదిలేసింది. పైజో మాత్రం నమ్మకం పెట్టుకోలేదు. మంచి చెడు అలైన్‌మెంట్లూ ఎనిమిది మంత్ర విద్యల విభజనా తీసేసి, తిరగరాసిన తన పుస్తకాలను ఆ ఏడాది చివర్లోనే విడుదల చేయడం మొదలెట్టింది.

అందరూ ఇంత హడావిడి చేయరు. 1981 నాటి కాల్ ఆఫ్ కథుల్హు 2014కి ఏడో ఎడిషన్‌కు వచ్చింది. పాత పాత్రకు బలం 13 ఉంటే ఐదుతో హెచ్చవేసి 65 అని రాసుకుంటే చాలు, పాత కథ కొత్త పుస్తకంలో నడుస్తుంది.

నువ్వు ప్రస్తుతానికి 2024ది కొనకు. దాని మూల నియమాలు 2025లో ఉచితంగానే వదిలారు, దించుకో. మీ ఐదుగురూ ఏ రూల్ దగ్గర పుస్తకం మూసేసి మీకు తోచినట్టు ఆడుతున్నారో ఓ నోట్‌బుక్‌లో రాసిపెట్టు. దసరాకి వచ్చేటప్పుడు అది తెచ్చుకో, కూర్చుని చూద్దాం.

ఇట్లు,
మీ పెదనాన్న