రెండు ఖండముల నగరమున మొదటి దినము

ఐరోపా, ఆసియా ఖండములు ఎదురెదురుగా నిలిచి ఒకదానినొకటి చూచుకొను చోట ఇస్తాంబుల్ మహానగరము కలదు. రెండు ఖండముల నడుమ బాస్ఫరస్ జలసంధి మాత్రమే అడ్డము. క్రీ. శ. 330లో కాన్‌స్టంటైన్ చక్రవర్తి దీనిని తన రాజధానిగా జేసికొనెను. 1453లో ఉస్మానీ సుల్తాను రెండవ మెహమద్ దీనిని జయించెను. 1923లో టర్కీ రాజధాని అంకారాకు తరలినను ఈ నగరపు వైభవము తరుగలేదు. ఇచ్చటి పౌరులలో అనేకులు ఒక ఖండమున నిద్రించి మరియొక ఖండమున ఉద్యోగము చేయుదురు!

హైదరాబాదు వాస్తవ్యులమైన మేము సెలవులకు ఇంతదూరము పోవుటకు ఒక కారణము కలదు. నా భార్య నీలోఫర్ ఆసుపత్రిలో జన్మించినది. తెలంగాణమున ఆ ఆసుపత్రి పేరు వినని తల్లి అరుదు. నీలోఫర్ ఎవరో ఎరిగినవారును అరుదే. ఆమె 1916లో ఇస్తాంబుల్ నగరమున ఉస్మానీ రాజవంశమున జన్మించెను. 1924లో ఖిలాఫతు రద్దు కాగా ఆ వంశీయులందరును దేశబహిష్కృతులైరి. ఎనిమిదేండ్ల ఆ బాలిక తల్లితో ఫ్రాన్సు చేరెను. 1931లో ఏడవ నిజాము రెండవ కుమారుని వివాహమాడి హైదరాబాదునకు వచ్చెను. మన మొజంజాహి మార్కెట్టు ఆయన పేరిటిదే. తన పరిచారిక ప్రసవసమయమున మరణించుట నీలోఫర్ మనస్సును కలచివైచెను. ఆ దుఃఖము నుండియే 1953లో ఆసుపత్రి వెలసినది.

“ఆమె పుట్టిన యూరు ఒక్కసారి చూడవలెనండీ” యని నా భార్య ఎన్నో యేండ్లుగా అనుచుండెను.

విమానము దిగి, గడియారములను రెండున్నర గంటలు వెనుకకు త్రిప్పుకొని, బసలో సామానుంచి ఎమినొను రేవునకు వచ్చితిమి. గలాటా వంతెన పొడవునను జనులు గాలములు వేసి నిలిచియుండిరి. బండ్లపై ‘సిమిత్’ అను నువ్వులద్దిన గుండ్రని రొట్టెలు. ఎదుట ‘కొత్త మసీదు’. అది పూర్తియైనది 17వ శతాబ్దమున. అయినను పేరు మాత్రము కొత్తదే!

నీలోఫర్ జన్మించిన గ్యోజ్‌తెపె ఆవలి యొడ్డున, కాదికోయ్ వైపున ఉన్నది. అచ్చటికి పోవు పడవకు ప్రయాణికులు ఒక కార్డును యంత్రమునకు తాకించి లోనికి పోవలెను. ఇరువురకు ఒక్క కార్డే చాలును. నా భార్య ముందు దాటెను. నేను తాకించునప్పటికి అందులోని సొమ్ము నిండుకొనెను. ప్రక్క యంత్రమున సొమ్ము వేయుచుండగనే జనప్రవాహము ఆమెను పడవలోనికి తీసికొనిపోయెను. తలుపులు మూతపడెను. కొత్తదేశమగుటచే మా ఫోనులు ఇంకను పనిచేయుట లేదు. నేను ఐరోపాలో, ఆమె ఆసియా వైపు పోవు పడవలో!

తరువాతి పడవలో నేను సముద్రమును చూచితినే గాని దాని సొగసు నాకు కనబడలేదు. తలపై నీటికాకులు అరచుచుండెను. హైదర్‌పాషా రైలుస్టేషను భవనము వచ్చెను, పోయెను. రేవు సమీపించిన కొలది నా చూపులు గుంపులో ఒక్క చీరకొంగు కొరకే వెదకెను.

ఆమె రేవు ప్రక్కనే ఒక టీదుకాణములో, తెల్లని జుట్టు గల యొక టర్కీ అవ్వ ఎదుట కూర్చుండియుండెను. ఇరువురి ముందు నడుము సన్నని చిన్న గాజు గ్లాసులు! “చాయ్ అన్నాను, ఇచ్చిరి” అని నవ్వెను. ఆ భాషలో చక్కెర ‘షెకెర్’, దుకాణము ‘దుక్కాన్’, మైదానము ‘మెయ్‌దాన్’, కలము ‘కలెమ్’. ఈ మాటలలో కొన్ని అరబ్బీవి, కొన్ని పారసీకమువి. మన యింటికిని వారి యింటికిని వేరువేరు దారుల వచ్చినవి. షెకెర్ మాత్రము మన శర్కర నుండియే పోయినది.

నా భార్య అవ్వకు ‘నీలోఫర్’ అని చెప్పెను. అవ్వ రెండు చేతులు చేర్చి మెల్లగా విచ్చుకొను పూవువలె చూపెను. టర్కీ భాషలో ఆ మాటకు కలువ యని యర్థము. సంస్కృతపు నీలోత్పలమే పారసీకము మీదుగా ఇచ్చటికి చేరినదట!

అవ్వ వెళ్లిన తరువాత నా భార్య స్వరము తగ్గించి, “పడవ దిగినపుడు నాకు చాల భయము కలిగినదండీ. మీరు వెనుక వత్తురని నాకు తెలియును. ఈ రేవులను విడిచి పోవునపుడు ఆ ఎనిమిదేండ్ల పిల్లకు వెనుక ఎవరు వత్తురని తెలియును?” అనెను.

నేను మరియొక చాయ్ తెప్పించితిని.

అప్పటికి ప్రొద్దు వాలినది. గ్యోజ్‌తెపెకు మరునాడు పోవుటకు నిశ్చయించుకొంటిమి. తిరుగు పడవయొద్ద కార్డు ఆమె చేతనే యుండెను. ముందు నన్ను దాటించి, వెనుక తాను వచ్చెను.